కుక్కని వెంటబెట్టుకుని ఫింగర్ లేక్స్‌కి



ఈ రోజు నా మాటలు ముఖ్యంగా అమెరికా తూర్పు తీరాన ఉంటున్న మన తెలుగువాళ్ళ కోసం. న్యూజెర్సీలోనో, పెన్సిల్వేనియాలోనో, న్యూయార్క్ చుట్టుపక్కలనో ఉంటూ ఇంట్లో కుక్కని పెంచుకుంటున్నవాళ్ళ కోసం. వేసవికి పిల్లల దగ్గరికి బయల్దేరబోతున్న అమ్మలూ నాన్నలూ, మీరు కూడా వినండి. ఆ ప్రయాణంలో మీరూ ఉంటారు కదా.

సెలవులు రాగానే మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? నయాగరా వెళ్దామంటారు ఒకరు. దారిలో వాట్కిన్స్ గ్లెన్ చూసి పోదామంటారు ఇంకొకరు. కారు నిండిపోతుంది. పులిహోర కలుపుతారు. పెరుగన్నం డబ్బాలో పెడతారు. చేగోడీలు సరేసరి. అన్నీ సర్దాక కుక్క సంగతి వస్తుంది. దాన్ని బోర్డింగ్‌లో వదిలేస్తారు. అదేమో అక్కడ తిండి ముట్టదు. మనమేమో జలపాతం ముందు నిలబడి, బోర్డింగ్ వాళ్ళు వీడియో ఏమైనా పంపారేమోనని ఫోను చూసుకుంటూ ఉంటాం.

నేను చెప్పేది ఒక్కటే. మీరు నయాగరా తొందరలో దాటిపోతున్న ఆ సరస్సుల సీమ, ఆ ఫింగర్ లేక్స్, కుక్కతో కలిసి నాలుగు రోజులు ఉండిపోవడానికి చక్కటి చోటు. నిశ్చింతగా వెళ్ళొచ్చు. అయితే రెండు విషయాలు తెలుసుకుని వెళ్ళాలి. ఆ సీమకి పేరు తెచ్చినవి రెండు. ఒకటి ద్రాక్ష. రెండోది నీళ్ళు. కుక్క విషయంలో మనం జాగ్రత్త పడాల్సినవి కూడా ఆ రెండే. ద్రాక్ష, నీళ్ళు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ చెబుతాను.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పనివ్వండి.

న్యూయార్క్ రాష్ట్రం నడిమధ్యలో పదకొండు సరస్సులు ఉన్నాయి. అన్నీ సన్నగా, పొడుగ్గా, ఉత్తరం నుంచి దక్షిణానికి పక్కపక్కనే పరుచుకుని ఉంటాయి. పటంలో చూస్తే చాచిన చేతివేళ్ళలా కనిపిస్తాయి. అందుకే ఆ పేరు. మంచుయుగంలో కదిలిన హిమానీనదాలు పాత నదీలోయలని తొలిచి, లోతు చేసి వదిలేశాయి. అలా పుట్టిన సరస్సులివి. సెనెకా సరస్సు లోతు 600 అడుగులకి పైనే. దాని అడుగు సముద్రమట్టం కన్నా కిందికి ఉంటుంది. సముద్రానికి అంత దూరంలో, కొండల మధ్య ఉన్న మంచినీళ్ళ సరస్సు అది.

సెనెకా, కయూగా. ఈ సరస్సుల పేర్లు అక్కడ తరతరాలుగా బతికిన మూలవాసులవి. 1779లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, జనరల్ సల్లివాన్ సేన వచ్చి వాళ్ళ ఊళ్ళు తగలబెట్టింది. మొక్కజొన్న చేలు, పండ్ల తోటలు నరికేసింది. ఇవాళ మనం పచ్చగా ఉందే అని మురిసిపోయే ఆ ఒడ్డుల మీదే అదంతా జరిగింది. వెళ్ళేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని వెళ్ళాలని నా కోరిక.

ఇక ద్రాక్ష సంగతి. చలికాలంలో మంచు గడ్డకట్టే చోట ద్రాక్ష ఎలా పండుతుంది? దానికి జవాబు సరస్సులోనే ఉంది. అంత లోతైన నీళ్ళు వేసవిలో దాచుకున్న వేడిని చలికాలమంతా కొద్దికొద్దిగా వదులుతాయి. సెనెకా గడ్డకట్టడం చాలా అరుదు. అందుకే తోటలన్నీ సరస్సుకి దగ్గరగా, వాలు మీద ఉంటాయి. వాలు మీద చల్లగాలి నిలవదు. కిందికి జారిపోతుంది. తీగ బతుకుతుంది.

అయినా చాలాకాలం అక్కడివాళ్ళు ఐరోపా ద్రాక్ష ఈ చలిని తట్టుకోదనే నమ్మారు. ఆ నమ్మకాన్ని మార్చినవాడు కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్. ఉక్రెయిన్‌లో పుట్టినవాడు. 1951లో అమెరికాకి వలస వచ్చాడు. అప్పటికే యాభై దాటాయి. ద్రాక్ష సాగులో డాక్టరేటు చేసిన మనిషి. కానీ ఇంగ్లీషు రాదు. జెనీవా అనే ఊళ్ళో ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చిన్న కూలిపని దొరికింది. ఇంతకన్నా కొరికే చలిలో మా దేశంలో పండించాను, ఇక్కడెందుకు పండదు అని ఆయన వాదన. చాలామంది వినలేదు. షార్ల్ ఫోర్నియే అనే ఫ్రెంచి వైన్ తయారీదారు విన్నాడు. పనిలో పెట్టుకున్నాడు. 1962లో ఫ్రాంక్ క్యూకా సరస్సు ఒడ్డున, హామండ్స్‌పోర్ట్‌లో సొంత వైనరీ పెట్టాడు. ఇవాళ రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కి ఆ సీమ పేరుమోసిందంటే ఆ పట్టుదల వల్లే. కొత్త దేశంలో, కొత్త భాషలో, తనకి తెలిసిన విద్యని నమ్ముకుని నిలబడ్డ మనిషి. మన వలస కుటుంబాలకి ఆ కథ కొత్తగా అనిపించదు.

సరే. ఇప్పుడు కుక్క దగ్గరికి వద్దాం.

ద్రాక్ష కుక్కకి విషం. ఈ మాట కటువుగానే చెబుతున్నాను. పచ్చి ద్రాక్ష, పండు ద్రాక్ష, ఎండుద్రాక్ష, అన్నీ విషమే. మనం కిస్‌మిస్ అంటామే, అది మరీ ప్రమాదం. ఎండినప్పుడు అందులోని పదార్థం చిక్కబడుతుంది కదా. తిన్న కొన్ని గంటల్లో వాంతులు మొదలవుతాయి. నీరసపడి ముడుచుకుని పడుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒక కుక్క గుప్పెడు తిన్నా తట్టుకోవచ్చు. ఇంకొకటి నాలుగు పళ్ళకే పడిపోవచ్చు. ఎంత తింటే ఫరవాలేదు అనే లెక్క ఎవరూ చెప్పలేరు. కాబట్టి లెక్కలొద్దు. ఒక్కటి కూడా వద్దు.

ఎందుకు విషం అన్నది చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని ఒక జంతు విషచికిత్సా కేంద్రంలో పనిచేసే పశువైద్యులు ఒక సంగతి గమనించారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిన్న ఒక కుక్కకి, ద్రాక్ష తిన్నప్పుడు వచ్చే లక్షణాలే వచ్చాయి. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి ఉంది. అందులో ఉండేది టార్టారిక్ ఆమ్లానికి చెందిన లవణం. ద్రాక్షలోనూ అదే ఆమ్లం ఉంటుంది. ఇప్పుడు అందరి వేలూ దాని వైపే చూపిస్తోంది.

తెలుగు శ్రోతలారా, ఇక్కడ కాస్త చెవి ఒగ్గండి. టార్టారిక్ ఆమ్లం ఇంకెందులో దండిగా ఉంటుందో తెలుసా? మన చింతపండులో. అవును, చింతపండులో. చింతపండు తిన్న కుక్కలకి కూడా మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు పశువైద్యులు నమోదు చేశారు. కారులో మీ డబ్బాలో ఉన్నదేమిటి? చింతపండు పులిహోర. పక్క సీట్లో ఉన్నదెవరు? కుక్క. బామ్మగారు ప్రేమకొద్దీ ఒక ముద్ద పెడతారు. పాపం, ఎలా చూస్తోందో చూడండి అంటారు. పెట్టొద్దు, అమ్మా. ఆ చూపుకి కరగొద్దు. పులిహోర వద్దు. చారన్నం వద్దు. అందులో చింతపండు ఉంది. ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్కకి పడవు. పెట్టాలనిపిస్తే ఉప్పూకారం లేని తెల్లన్నం ఒక ముద్ద, ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టండి. దానికి అదే పండగ.

మళ్ళీ చెబుతున్నాను. ద్రాక్ష వద్దు. ఎండుద్రాక్ష వద్దు. చింతపండు వద్దు.

తోటలో నడిచేటప్పుడు పట్టీ పొట్టిగా పట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోతలు జరుగుతాయి. తీగల కింద రాలిన పళ్ళు ఉంటాయి. కుక్క ముక్కు నేల మీదే ఉంటుంది. మనం కొండల అందం చూసేలోపు అది రెండు పళ్ళు మింగేస్తుంది. వైన్ తీశాక మిగిలే పిప్పిని కొన్నిచోట్ల కుప్ప పోస్తారు. అటు అసలే పోనివ్వకండి. కానన్‌డైగ్వా సరస్సు దక్షిణపు కొసన నేపుల్స్ అనే ఊరుంది. అక్కడ కాంకర్డ్ ద్రాక్షతో ‘పై’ అనే తీపి వంటకం చేస్తారు. మీరు తప్పకుండా తినండి. నల్లటి ద్రాక్ష గుజ్జు, పైన కరకరలాడే పిండి. చాలా బాగుంటుంది. కానీ ఆ డబ్బా కారు సీటు మీద వదలకండి.

పొరపాటున తినేసిందనుకోండి. ఏం చెయ్యాలి? వెంటనే పశువైద్యుడికి ఫోన్ చెయ్యాలి. వాంతి మొదలయ్యాక చూద్దాంలే అని ఆగకూడదు. ఉప్పునీళ్ళు పట్టడంలాంటి చిట్కాలు అసలే వద్దు. అవి వేరే ప్రమాదం తెచ్చిపెడతాయి. డాక్టరు దగ్గర వెంటనే వాంతి చేయిస్తే చాలా కుక్కలు బయటపడతాయి. సమయమే మందు.

ద్రాక్ష అయ్యింది. ఇక రెండోది, నీళ్ళు.

ఎండాకాలం చివర, గాలి ఆగిపోయిన రోజుల్లో, ఈ సరస్సుల ఒడ్డున నీళ్ళ మీద ఒక తెట్టు కడుతుంది. పచ్చ రంగు డబ్బా ఒలికినట్టు ఉంటుంది. కొన్నిసార్లు నీలం కలిసిన చారలుగా తేలుతుంది. నాచు అనుకుంటాం. నిజానికి అవి సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. వాటిలో కొన్ని విషం తయారుచేస్తాయి. కొన్ని విషాలు కాలేయాన్ని కొడతాయి. కొన్ని నరాలని కొడతాయి. నరాలని కొట్టే విషమైతే గంటలోపే ప్రాణం మీదికి వస్తుంది. 2017లో పదకొండు సరస్సుల్లోనూ ఈ తెట్టు కనిపించింది. స్వచ్ఛతకి పేరుపడ్డ స్కానియటలిస్ సరస్సుకి కూడా తప్పలేదు.

మనిషి కన్నా కుక్కకే దీనితో ముప్పు ఎక్కువ. ఎందుకంటే అది నీళ్ళలో దూకుతుంది. ఆ నీళ్ళే తాగుతుంది. బయటికొచ్చి ఒళ్ళంతా నాక్కుంటుంది. బొచ్చుకి అంటిన విషం కూడా లోపలికే పోతుంది. అందుకని రోజూ పొద్దున్నే నీళ్ళ వంక చూడండి. పచ్చగా, చిక్కగా ఉంటే ఆ రోజు దింపొద్దు. అనుమానంగా ఉన్నా దింపొద్దు. న్యూయార్క్ రాష్ట్ర పర్యావరణ శాఖ ఎక్కడెక్కడ తెట్టు కట్టిందో పటం వేసి చూపిస్తుంది. బయల్దేరే ముందు అది చూడండి. పొరపాటున దిగితే, నాక్కునేలోపు మంచినీళ్ళతో ఒళ్ళంతా కడగండి. తరవాత డాక్టరుకి ఫోన్ చెయ్యండి. కారులో ఇంటి నుంచి తెచ్చిన తాగునీళ్ళు, ఒక గిన్నె ఎప్పుడూ ఉండాలి. దాహంగా ఉన్న కుక్క ఏ నీళ్ళైనా తాగేస్తుంది. దాహం లేకుండా చూసుకుంటే సగం భయం పోయినట్టే.

నీళ్ళు తేటగా ఉన్న రోజున మాత్రం దింపండి. హాయిగా దింపండి. అయితే పాదాలు చూసుకోండి. సెనెకా, కయూగా ఒడ్డుల్లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు రాళ్ళకి అంటుకుని ఉంటాయి. అంచులు బ్లేడులా కోస్తాయి. కుక్క కుంటుతుంటే ముందు అరికాలు తిప్పి చూడండి. ఇంకొకటి. ఈ సరస్సుల ఒడ్డు కొన్ని చోట్ల నాలుగడుగులు వేసేసరికి లోతుకి దిగిపోతుంది. ఈత బాగా వచ్చిన కుక్కకి కూడా లైఫ్ జాకెట్ వెయ్యండి.

మరి ఎప్పుడు వెళ్ళాలి? నన్నడిగితే జూన్ నెల చివర. పిల్లలకి బడి సెలవులు ఇస్తారు. అమ్మానాన్నలు అప్పటికి వచ్చి ఉంటారు. తీగ మీద ద్రాక్ష ఇంకా గింజంత ఉంటుంది. రాలి పడే పండు ఉండదు. పచ్చ తెట్టు బెడద కూడా అప్పటికి తక్కువ. సాయంత్రాలు చల్లగా ఉంటాయి. చాలామంది ఆకులు రంగు మారే అక్టోబరులో వెళ్ళాలంటారు. ఆ అందం కాదనను. కొండలన్నీ ఎర్రగా, పసుపుగా మండుతుంటే చూడాల్సిందే. కానీ కుక్కతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి జూనే మేలు. దానికి ఒకే ఒక్క చిక్కు ఉంది. గోమార్లు. ఆ నెలలో గడ్డిలో ఆవగింజంత గోమార్లు ఉంటాయి. అవి కుట్టి లైమ్ జబ్బు అంటిస్తాయి. బయల్దేరే ముందే మీ డాక్టరుని అడిగి మందు వేయించండి. రోజూ రాత్రి చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ళ మధ్య తడిమి చూడండి. కుక్కకే కాదు, మీకూ పిల్లలకీ కూడా.

ఇప్పుడు ఎక్కడెక్కడ నడవాలో చెబుతాను. అన్నీ చెప్పను. నాకు ఇష్టమైనవి చెబుతాను.

ముందుగా, వెళ్ళలేని చోటు. వాట్కిన్స్ గ్లెన్ లోయలోపలి దారి. రాతిగోడల మధ్య పంతొమ్మిది జలపాతాలు, ఎనిమిది వందలకి పైగా మెట్లు. ఆ దారిలోకి కుక్కలని రానివ్వరు. ఇది తెలియక గేటు దగ్గర దిగాలుగా నిలబడే కుటుంబాలు ఉంటాయి. తడిసి జారే రాళ్ళు, ఇరుకు దారి, జనం. ఆ నియమం సబబే. లోయ పైఅంచున ఉన్న దారుల్లో పట్టీతో తిప్పొచ్చు. లోపలికి ఇంట్లోవాళ్ళు రెండు జట్లుగా వెళ్ళండి. ఒక జట్టు లోపల ఉంటే ఇంకో జట్టు నీడలో కుక్కతో ఉంటుంది. దయచేసి కారులో మాత్రం వదలొద్దు. కిటికీ రెండు వేళ్ళు దించినంత మాత్రాన లోపల వేడి తగ్గదు. ఎండలో, గడ్డకట్టే చలిలో జంతువుని కారులో వదిలితే ఆ రాష్ట్రంలో చట్టప్రకారం నేరం. చట్టం సంగతి ఎలా ఉన్నా, అది మనల్ని నమ్ముకుని వచ్చిన ప్రాణం.

ఇక కుక్కతో కలిసి చూడదగ్గ జలపాతం. టాఘానక్. ఇతకా ఊరికి దగ్గర, కయూగా సరస్సు పక్కన. 215 అడుగుల ఎత్తు నుంచి ఒకే ధారగా పడుతుంది. నయాగరా కన్నా 33 అడుగులు ఎక్కువ. నీళ్ళు అంత ఉండవు, ఎత్తు మాత్రం ఎక్కువ. కింద లోయలో దారి దాదాపు చదునుగా ఉంటుంది. మెట్లు లేవు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు నడవగలరు. ముసలి కుక్క నడవగలదు. తోపుడు బండిలో పసిపిల్ల వెళ్ళగలదు. ఇంటిల్లిపాదీ కలిసి నడిచే దారులు అరుదు. అందుకే నాకు ఆ చోటంటే అంత ఇష్టం. రాష్ట్ర పార్కుల్లో పట్టీ తప్పనిసరి. ఈత కొట్టే ఇసుక ఒడ్డుల్లోకి కుక్కలని రానివ్వరు. రేబిస్ టీకా కాగితం అడిగితే చూపించాలి.

రెండోది క్యూకా అవుట్‌లెట్ దారి. పెన్ యాన్ నుంచి డ్రెస్డెన్ దాకా, క్యూకా సరస్సు నీళ్ళు సెనెకాలోకి జారే వాగు పక్కనే సాగుతుంది. ఒకప్పుడు అక్కడ కాలువ ఉండేది. తరవాత రైలు పట్టా వేశారు. ఇప్పుడు అది నడిచే దారి. చెట్ల నీడ. పక్కనే పాత మిల్లుల మొండిగోడలు. మధ్యలో చిన్న జలపాతాలు. మొత్తం ఏడు మైళ్ళు ఉంటుంది. మొత్తం నడవక్కర్లేదు. పొద్దున్న గంటసేపు నడిచి వెనక్కి తిరగండి. పెన్ యాన్ చుట్టుపక్కల మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబాలు ఉంటాయి. గుర్రపు బళ్ళ మీద తిరుగుతారు. ఎప్పుడూ గుర్రాన్ని చూడని కుక్క ఒక్కసారిగా మొరగొచ్చు. గుర్రం బెదిరితే బండిలో ఉన్నవాళ్ళకి ప్రమాదం. దూరంగా డెక్కల చప్పుడు వినగానే పక్కకి తప్పుకుని, కుక్కని కూర్చోబెట్టి, బండిని పోనివ్వండి. తలూపి పలకరించండి. వాళ్ళూ పలకరిస్తారు.

మూడోది సెనెకాకీ కయూగాకీ మధ్య కొండ మీద ఉంది. ఫింగర్ లేక్స్ నేషనల్ ఫారెస్ట్. పోషణ లేక సారం చచ్చిన పొలాలని 1930లలో ప్రభుత్వం కొని, మెల్లగా అడవి పెంచింది. కొంత మేర ఇప్పటికీ పచ్చిక బయలే. అందులో ఆవులు మేస్తుంటాయి. నడిచే దారి ఆ బయళ్ళ మధ్య నుంచే వెళుతుంది. కంచె గేటు తీసి లోపలికి వెళ్ళాలి. వెళ్ళాక గేటు మూసెయ్యాలి. తప్పకుండా మూసెయ్యాలి. మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆవులున్న చోట పట్టీ వదలకండి. దూడలున్న ఆవు కుక్కని చూస్తే ఊరుకోదు. శరదృతువులో అక్కడ వేట సాగుతుంది. ఆ రోజుల్లో వెళితే మీరూ కుక్కా కూడా నారింజ రంగు జాకెట్లు వేసుకోవాలి.

వైనరీల సంగతి చాలామంది అడుగుతారు. కుక్కని రానిస్తారా అని. చాలాచోట్ల బయట పచ్చికలో, డెక్ మీద రానిస్తారు. లోపలికి మాత్రం ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ముందు రోజు ఫోన్ చేసి అడగండి. హోటళ్ళలో కూడా అంతే. 2015లో వచ్చిన చట్టం ప్రకారం న్యూయార్క్‌లో హోటలువాళ్ళు ఇష్టపడితే ఆరుబయట భోజనం బల్లల దగ్గరికి కుక్కని రానివ్వొచ్చు. పట్టీ ఉండాలి. కుర్చీ ఎక్కకూడదు. మనం తినే పళ్ళెంలో దానికి పెట్టకూడదు.

ఒక రోజుకి రెండు వైనరీలు చాలు. నాలుగైదు తిరగాలనుకుంటే కుక్క అలిసిపోతుంది. ఎండ, కొత్త మనుషులు, కొత్త కుక్కలు, పాటలు. దానికి అదంతా శ్రమ. పొద్దున్న నడక. మధ్యాహ్నం ఒక వైనరీ, నీడలో కూర్చుని. తరవాత గదికి వచ్చి నిద్ర. సాయంత్రం మళ్ళీ ఒడ్డున కాసేపు. ఇలా రోజుని కుక్క ఒంటికి తగ్గట్టు పెట్టుకుంటే, చిత్రంగా, ముసలివాళ్ళకీ చిన్నపిల్లలకీ కూడా అదే సరిపోతుంది. ఎవరూ విసుక్కోరు. వైన్ తాగనివాళ్ళకి ద్రాక్షరసం ఉంటుంది. బండి నడిపేవాళ్ళు తాగకూడదు. ఒక్క గుక్క కూడా. ఇది బయల్దేరే ముందే ఇంట్లో తేల్చుకోవాలి.

ఇతకా గురించి ఇంకొక మాట చెప్పాలి. అక్కడ కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. అక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రి దేశంలోనే పేరున్నది. సెలవులకి వెళ్ళిన చోట అలాంటి ఆసుపత్రి దగ్గరలో ఉండటం మనకి పెద్ద ధైర్యం. కానీ నేను చెప్పదలచింది అది మాత్రమే కాదు. 1978లో ప్రపంచమంతటా కుక్కపిల్లలు ఒక కొత్త జబ్బుతో రాలిపోయాయి. రక్తవిరేచనాలు, వాంతులు, మూడు నాలుగు రోజుల్లో మరణం. పార్వో. విజయవాడలోనైనా, వరంగల్లులోనైనా, కుక్కపిల్లని పెంచినవాళ్ళకి ఆ పేరు వింటే గుండె జారుతుంది. ఆ జబ్బు పుట్టిన కొద్ది ఏళ్ళలోనే టీకా కనిపెట్టినవాళ్ళు కార్నెల్‌లోని బేకర్ సంస్థ శాస్త్రవేత్తలు. లేలాండ్ కార్మైకేల్, మాక్స్ అపెల్. మన ఊళ్ళో డాక్టరుగారు కుక్కపిల్లకి వేసే పార్వో టీకా వెనక, ఆ సరస్సు పక్కన కొండ మీద కూర్చుని పనిచేసినవాళ్ళ కష్టం ఉంది. ఇతకాలో కుక్కతో నడిచేటప్పుడు ఆ ఇద్దరి పేర్లూ ఒకసారి తలుచుకోండి.

చివరగా గది సంగతి. ఎక్కువ చెప్పను. ఒడ్డున సొంత రేవు ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకోవడం అన్నిటికన్నా సుఖం. ఫోన్ చేసినప్పుడు కుక్కని రానిస్తారా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యండి. దొడ్డి చుట్టూ కంచె ఉందా? కుక్కకి విడిగా ఎంత తీసుకుంటారు? దాన్ని గదిలో కాసేపు ఒంటరిగా ఉంచొచ్చా? దొడ్లో ద్రాక్ష పందిరి ఉందా? ఆ ఆఖరి ప్రశ్నకి వాళ్ళు ఆశ్చర్యపోతారు. ఫరవాలేదు, అడగండి. ఆ సీమలో ఇంటింటికీ ఒక తీగ ఉంటుంది.

అమ్మానాన్నలకి కుక్కంటే భయముంటే, ఆచారం పట్టింపు ఉంటే, దాన్నీ గౌరవించాలి. వాళ్ళ గది వేరుగా, తలుపు వేసుకునేలా ఉన్న ఇల్లు చూడండి. వంటింట్లోకి కుక్క రాకుండా అడ్డుగేటు ఒకటి తీసుకెళ్ళండి. కారులో వాళ్ళ పక్కన కూర్చోబెట్టకండి. వెనక దాని సొంత పరుపు, నడుముకి పట్టీ. దానికి అలవాటైన తిండే పట్టుకెళ్ళండి. టీకాల కాగితం ఫోనులో ఒకటి, కారులో ఒకటి. మెడలో పేరు, మీ ఫోను నంబరు ఉన్న బిళ్ళ.

జూన్ చివరి వారంలో వెళ్ళాలనుకుంటే ఒడ్డున ఇళ్ళు చలికాలంలోనే అయిపోతాయి. కాబట్టి ఈ శని ఆదివారాల్లోనే ఫోన్లు మొదలుపెట్టండి. సోమవారం మీ పశువైద్యుడి దగ్గర గోమార్ల మందుకి, టీకాలకి సమయం అడగండి. అక్కడ దగ్గరలో రాత్రిపూట తెరిచి ఉండే జంతువుల ఆసుపత్రి నంబరు రాసుకుని కారులో పెట్టుకోండి. పులిహోర డబ్బా మాత్రం మూత గట్టిగా ఉన్నది కొనండి.